ఒకే బస్తా లూసర్న్ విత్తనం: మదనపల్లెలో కోత మీద కోత, అమలాపురంలో రెండో కోతకే ఖాళీ. రకం తప్పా, నేల తప్పా?

పాడి_మదనపల్లె
అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర, ఎర్రనేల, బోరు నీళ్ళు. జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. నేనూ, అమలాపురం దగ్గరుండే మా బావమరిదీ కలిసి ఒకే షాపులో ఒకే బస్తా లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) విత్తనం కొని చెరి సగం పంచుకున్నాం. లేబుల్ మీద ఆనంద్-2 అని ఉంది. ఇద్దరం కార్తీకంలోనే చల్లాం.

నా మడి ఇప్పటికీ పచ్చగా ఉంది, నెలకో కోత వస్తోంది. ఆయనకి మొదటి కోత బాగానే వచ్చిందట. తర్వాత ఆకు పసుపు పడి, మొక్కలు మొదట్లోనే కుళ్ళి, మడంతా గుండు కొట్టినట్టు అయిపోయింది. షాపాయన్ని అడిగితే "ఈ రకం ఇండియా అంతా వస్తుంది సార్, మీవాళ్ళు నీళ్ళు సరిగా పెట్టలేదు" అన్నాడు. బావమరిది మాత్రం నేను అంటగట్టిన విత్తనం వల్లే అంటున్నాడు. పండక్కి కలిస్తే ఇదే గొడవ.

మా ఇద్దరికీ పనికొచ్చే రకం ఏదైనా ఉందా? లూసర్నే కానక్కర్లేదు, మాంసకృత్తులుండే మేత అయితే చాలు. దాణా ఖర్చు తగ్గాలి, అంతే.

డెల్టా_గట్టు
అన్నా, నాదీ కోనసీమే. మీ బావగారి పొలంలో రెండడుగుల గొయ్యి తీయించండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున్న చూస్తే అడుగున నీళ్ళు నిలిచుంటాయి, రాసిస్తా. మా దగ్గర ఊటనీరు అంత పైన ఉంటుంది. లూసర్న్ వేరు లోతుకి దిగే రకం. నీళ్ళలోకి దిగిన వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. నీళ్ళు సరిగా పెట్టకపోవడం కాదు, మా దగ్గర పెట్టకపోయినా ఉంటాయి.

పచ్చిమేత_ప్రియుడు
ఇవన్నీ ఎందుకండీ, ఇద్దరూ సూపర్ నేపియర్ గడ్డి వేసేయండి. ఎక్కడైనా ఏనుగంత ఎత్తు పెరుగుతుంది.

వెట్_కరీంనగర్
పైన నేపియర్ అన్నవారికి: ఎత్తు పెరుగుతుంది, నిజమే. ఎండు పదార్థంలో మాంసకృత్తులు 8 నుంచి 10 శాతం, ముదిరితే ఇంకా తక్కువ. లూసర్న్‌లో 18 నుంచి 20. అడిగింది దాణా తగ్గించే మేత గురించి. నేపియర్ కడుపు నింపుతుంది, లూసర్న్ అయితే దాణాలో వేసే నూనెచెక్క బస్తా బరువు తగ్గిస్తుంది. రెండూ వేర్వేరు పనులు.

ట్రయల్_ప్లాట్
నేను పశుగ్రాసాల ట్రయల్స్‌లో చాలాకాలం పనిచేశాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

షాపాయన "ఇండియా అంతా వస్తుంది" అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. మన దేశంలో పశుగ్రాస రకాలను అఖిల భారత సమన్వయ పథకం కింద పరీక్షిస్తారు. 1970లో మొదలైంది. ఝాన్సీలోని గ్రాస పరిశోధన సంస్థ 1962 నుంచి ఉంది. మన దగ్గర రాజేంద్రనగర్‌లో కేంద్రం ఉంది. దేశాన్ని కొండ ప్రాంతం, వాయవ్యం, ఈశాన్యం, మధ్య, దక్షిణం అని జోన్లుగా విడదీసి, ప్రతి జోన్లోనూ కొన్ని చోట్ల వేస్తారు. మొదట ప్రాథమిక ట్రయల్, అందులో నెగ్గినవాటికి ఇంకా రెండు దశలు. పక్కనే పాత రకాన్ని పోలిక కోసం వేస్తారు.

చివర్లో తీసేది సగటు. చిక్కంతా ఆ సగటులో ఉంది. నాలుగు చోట్ల అదరగొట్టి రెండు చోట్ల చచ్చిపోయిన రకానికీ, ఆరు చోట్లా ఓ మోస్తరుగా నిలబడ్డ రకానికీ సగటు ఒకటే రావచ్చు. మీ పొలం ఆ రెండు చోట్లలో ఒకటైతే ఆ సగటుతో మీకేం పని? అందుకే స్థిరత్వం చూసే లెక్కలు వచ్చాయి. ఫిన్లే, విల్కిన్సన్ 1963లో, ఎబర్హార్ట్, రసెల్ 1966లో ఇచ్చిన పద్ధతులు ఇప్పటికీ వాడతారు. సంగతి తేలికే: మంచి నేల, మంచి నీళ్ళు దొరికిన చోట రకం ఎంత ఎగబాకింది, బక్క నేలలో ఎంత కిందికి జారింది అని గీత గీసి చూడటం. కొన్ని రకాలు వసతి ఉంటేనే రెచ్చిపోతాయి. కొన్ని వసతి ఇచ్చినా పెద్దగా పెరగవు, ఇవ్వకపోయినా పెద్దగా తగ్గవు. బోరు ఎండిపోయే చోట నేనైతే రెండో రకమే ఎంచుకుంటాను.

ఇంకో మాట. ట్రయల్ కేంద్రాల్లో పొలం చదునుగా ఉంటుంది, మురుగు పోతుంది, ఎరువు టైముకి పడుతుంది. ఊటనీరు రెండడుగుల్లో ఉన్న కోనసీమ మడి లాంటి చోట లూసర్న్ ట్రయల్ ఎవరూ వేయరు. కాబట్టి ఆ సగటులో మీ బావమరిది పొలం అసలు లేనే లేదు.

పాడి_మదనపల్లె
సార్, చాలా థాంక్స్. అంటే లూసర్న్‌లోనే మురుగు తట్టుకునే వేరే రకం కొంటే ఆయనకి సరిపోతుందా? ఆర్ఎల్-88 అని ఎవరో చెప్పారు.

ట్రయల్_ప్లాట్
ఆర్ఎల్-88 మహారాష్ట్రలోని రాహురి నుంచి వచ్చింది, బహువార్షికం, మంచి రకమే. మీకు పనికొస్తుంది. ఆయనకి కాదు. లూసర్న్‌లో రకానికీ రకానికీ ఉన్న తేడా కంటే, లూసర్న్‌కీ ఆ నేలకీ మధ్య ఉన్న వైరం పెద్దది. అక్కడ మార్చాల్సింది రకాన్ని కాదు, పంటనే.

రకాల పేర్ల సంగతి కూడా చెప్తాను, విత్తనం కొనేటప్పుడు పనికొస్తుంది. చాలావాటి పేర్లలోనే పుట్టిన చోటు ఉంటుంది. బీఎల్ అంటే లుధియానా బర్సీం (బర్సీం చలికాలపు పప్పుజాతి మేత). జేబీ అంటే జబల్‌పూర్ బర్సీం. యూపీసీ అలసందలు పంత్‌నగర్‌వి, అది ఉత్తరప్రదేశ్‌లో ఉన్నప్పటి పేరు అలాగే ఉండిపోయింది. సీఓ అంటే కోయంబత్తూరు. బుందేల్ లోబియా ఝాన్సీది, లోబియా అంటే అలసందే. ఎంఎఫ్‌సీ అలసంద కర్ణాటకలోని మండ్యది. పుట్టిన చోటును బట్టి అంతా తేలిపోదు, కానీ ముందుగా ఏ వాతావరణంలో ఎంపిక చేశారో ఒక అంచనా వస్తుంది.

ఫ్రెస్నో_తెలుగు
కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ డెయిరీలకి దాణా మిశ్రమాలు రాయడం నా పని. లూసర్న్‌ని ఇక్కడ అల్ఫాల్ఫా అంటారు. విత్తనం అమ్మేటప్పుడు రకం పేరు పక్కనే ఒక అంకె ఉంటుంది, 1 నుంచి 11 దాకా. చలికాలం రాగానే ఎంత ముందుగా నిద్రపోతుందో చెప్పే అంకె అది. 1 అంటే చలి తగలగానే ముడుచుకుపోయేది. 9, 10 అంటే చలికాలంలోనూ పెరిగేది. మంచు కురిసే విస్కాన్సిన్‌లో 3, 4, 5 వేస్తారు. మెక్సికో సరిహద్దు దగ్గర ఇంపీరియల్ లోయలో, మన రాయలసీమని మించిన ఎండల్లో, 9 ఆ పైన వేస్తారు. విస్కాన్సిన్ విత్తనం తెచ్చి ఇక్కడ చల్లితే డిసెంబరులో ఊరికే కూర్చుంటుంది, రైతుకి కోతలు పోతాయి. ఇక్కడి విత్తనం అక్కడ చల్లితే మొదటి చలికే చచ్చిపోతుంది.

మన దగ్గర ఆ అంకె లేబుల్ మీద వేయరు. దిగుమతి విత్తనం అంటూ ఎవరైనా అమ్మితే ముందు ఆ అంకె అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

డెల్టా_గట్టు
ఫ్రెస్నో అన్నగారూ, మా షాపులో ఆ అంకె అడిగితే ఎమ్మార్పీ చూపిస్తాడు 😀

ఎర్రనేల_అనంత
మా వైపు సంగతి ఎవరూ రాయలేదు. అనంతపురంలో బోరు ఉన్నోళ్ళు తక్కువ, ఉన్న బోర్లలో నీళ్ళున్నవి ఇంకా తక్కువ. లూసర్న్ మాట దేవుడెరుగు. మాకు స్టైలో ఉంది, అదీ పప్పుజాతి మేతే. ఇక్కడి రైతులు దశాబ్దాలుగా స్టైలో హమాటా విత్తనం తీసి బయటి రాష్ట్రాలకి అమ్ముతున్నారు. వాటర్‌షెడ్ పనులకీ, బంజర్లలో చల్లడానికీ మా జిల్లా విత్తనమే ఎక్కువ పోయేది. గులక ఎర్రనేల, భాస్వరం లేని నేల, వాన ఒకటి పడి నెల మాయమయ్యే చోట అది బతుకుతుంది. విత్తనం రాలి మళ్ళీ వానకి అదే మొలుస్తుంది.

ఇందులోనూ తేడాలున్నాయి. హమాటా పొట్టిగా ఉండి తనంతట తాను విత్తనం రాల్చుకునేది. స్కాబ్రా కట్టె గట్టిది, వేరు లోతు, కరువుకి బాగా ఆగుతుంది, కానీ ముదిరితే పశువు కాడ వదిలేస్తుంది. సీబ్రానా బరువు నేలల్లో కూడా నిలబడుతుంది. తెగులు విషయంలో మాత్రం జాగ్రత్త. పక్షికన్ను తెగులు పడితే చేనంతా మాడినట్టు అవుతుంది. ఆస్ట్రేలియాలో స్కాబ్రాలో ఫిట్జ్‌రాయ్ అనే రకం ఆ తెగులుకే పోయింది. తేమ ఎక్కువుండే చోటికి తీసుకెళ్తే తెగులు ఎక్కువ. కాబట్టి మా దగ్గర బంగారం లాంటి స్టైలో మీ బావగారి కోనసీమలో మళ్ళీ దండగే.

అసలు మా దగ్గర పప్పుజాతి మేత అంటే ముందు వేరుశనగ కట్టె. దాన్ని మేతగా ఎవరూ లెక్కేయరు గానీ, ఏడాది పొడుగునా పశువులు తినేది అదే. 1940లో వచ్చిన టీఎంవీ-2ని వదలకుండా ఇన్నేళ్ళు వేశాం. ఇక్రిశాట్ వాళ్ళ ఐసీజీవీ 91114 వచ్చాక కాయతోపాటు కట్టె కూడా చూసుకోవడం మొదలైంది. కరువు ఏడాది కాయ రాకపోయినా కట్టె పచ్చిగా చేతికొస్తే ఆవు నిలబడుతుంది. రకం ఎంచుకునేటప్పుడు ఆకు కోత దాకా రాలకుండా ఉంటుందా అని చూడండి. మచ్చ తెగులుకి ఆకు రాలిపోతే మిగిలేది పుల్లలే.

అడవి_పల్లె
మాది ఆదిలాబాద్ జిల్లా. బర్సీం గురించి ఎవరైనా చెప్తారా? పంజాబ్ వీడియోల్లో నడుము దాకా ఉంటుంది. మా దగ్గర చలి బాగానే ఉంటుంది కదా, రాత్రిళ్ళు పది డిగ్రీల కిందికి కూడా పోతుంది.

ట్రయల్_ప్లాట్
బర్సీం 1904లో ఈజిప్టు నుంచి సింధు ప్రాంతానికి వచ్చింది. అక్కణ్ణుంచి పంజాబ్, ఉత్తరప్రదేశ్ అంతా పాకింది. మెస్కావి అనే పాత రకం పేరు కూడా ఈజిప్టుదే. దానికి కావలసింది చలి ఎంత ఉందన్నది కాదు, ఎన్నాళ్ళు ఉందన్నది. పంజాబ్‌లో అక్టోబరు మొదట్లో చల్లితే మే దాకా కోస్తారు, ఐదారు కోతలు. మీ దగ్గర ఫిబ్రవరి చివరికి ఎండ మొదలవుతుంది, బర్సీం అక్కడితో ఆగిపోతుంది. రెండు మూడు కోతలు రావచ్చు. కోస్తాలో అవి కూడా కష్టం, రాత్రి వేడి తగ్గదు. విత్తనం కూడా మన దగ్గర సరిగా కట్టదు, ప్రతి ఏడాదీ ఉత్తరాది నుంచి కొనాల్సిందే. ఒక సుగుణం ఉంది, బరువు నేలనీ కొంచెం తడినీ లూసర్న్ కంటే బాగా ఓర్చుకుంటుంది. వేయాలనుకుంటే తొందరగా పెరిగి ముందు కోతల్లోనే దిగుబడి ఇచ్చే రకం చూడండి. మే నెలలో కూడా నిలబడుతుందని పేరున్న రకానికి మీరు డబ్బులు పెట్టి లాభం లేదు.

వెట్_కరీంనగర్
అడవి_పల్లె తమ్ముడూ, బర్సీం ఎప్పుడూ వేయని నేలలో కల్చర్ పట్టించకుండా చల్లొద్దు. కల్చర్‌లో ఉండేది రైజోబియం, వేరు బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవి. బర్సీందొకటి, లూసర్న్‌ది ఇంకొకటి, అలసందది మరొకటి. మా దగ్గర ఒక రైతు "విత్తనం నకిలీ" అని గొడవ చేస్తుంటే వెళ్ళి చూశాం. మొక్కని పారతో మట్టితో సహా లేపి, బకెట్ నీళ్ళలో వేరు కడిగితే బుడిపెలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. ఉన్నవాటిని బ్లేడుతో కోస్తే లోపల తెల్లగా ఉంది. పనిచేసే బుడిపె లోపల పచ్చి మాంసం రంగులో, ఎర్రగా ఉంటుంది. నేలలో దానికి కావలసిన సూక్ష్మజీవి లేదు, అంతే. విత్తనం మంచిదే.

రకాల దిగుబడి పోల్చేటప్పుడు ఇది చాలామంది మర్చిపోతారు. ఒక ఊళ్ళో పంట అలవాటైన నేల, ఇంకో ఊళ్ళో కొత్త నేల. తేడా రకం ఖాతాలో రాసేస్తారు.

పనిలో పని: లూసర్న్ గానీ బర్సీం గానీ తెల్లవారుజామున మంచుతో కోసి, ఖాళీ కడుపుతో ఉన్న ఆవుకి వేయొద్దు. కడుపు ఉబ్బరం వచ్చి గంటల్లో పోతుంది. కోసి కాసేపు వాడ్చి, వరిగడ్డితో కలిపి వేయండి.

గేదెల_గుంటూరు
మరి అలసంద సంగతేంటి? అందరికీ సరిపోయేది అదే కదా. జొన్నలోనో మొక్కజొన్నలోనో కలిపేస్తే రెండు నెలల్లో మేత.

ట్రయల్_ప్లాట్
గుంటూరు గారు చెప్పిందాంట్లో విషయముంది. పప్పుజాతి మేతల్లో అన్నిచోట్లా ఎంతోకొంత వచ్చేది అలసందే. యాభై, అరవై రోజుల్లో పూతకొస్తుంది, అప్పుడే కోయాలి. ఈసీ-4216, యూపీసీ-5286, బుందేల్ లోబియాలు, మండ్య ఎంఎఫ్‌సీ-08-14, కోయంబత్తూరు రకాలు ఇలా బోలెడున్నాయి. అయితే ఇక్కడే రకం, చోటు, కాలం మూడూ కలిసి ఆట ఆడతాయి.

అలసంద పగటి పొద్దు తగ్గితే పూతకి తొందరపడుతుంది. ఉత్తరాదిన వానాకాలంలో పగలు మనకంటే పొడుగు. అక్కడ తీగ బాగా సాగి, ఆలస్యంగా పూసి, మోపుల మోపుల మేత ఇచ్చిన రకాన్ని ఇక్కడ అక్టోబరులో చల్లితే, అది జానెడు పెరిగి పూత పట్టేయవచ్చు. అదే రకాన్ని ఫిబ్రవరి చివరా, మార్చిలో నీళ్ళ కింద వేస్తే పొద్దు పెరుగుతుంటుంది కాబట్టి ఆకు బాగా వస్తుంది. అంటే ఒకే ఊళ్ళో, ఒకే పొలంలో కూడా ఏ రకం ముందుంటుందనేది నెల మారితే మారుతుంది. పోటీలో రకాల వరస తారుమారు కావడమంటే ఇదే. అన్నీ కలిసి కొంచెం తగ్గితే పర్వాలేదు, ఎవరిని ఎంచుకున్నా వరస అదే. ఒకటో స్థానంలోది నాలుగుకి పోయి, నాలుగోది ఒకటికి వస్తేనే రైతుకి టెన్షన్.

తెగుళ్ళూ అంతే. వేసవి అలసందలో తెల్లదోమ ఉన్న ఊళ్ళో పల్లాకు తెగులు తట్టుకునే రకమే గెలుస్తుంది. దోమ లేని చోట ఆ గుణానికి విలువ లేదు.

పాడి_మదనపల్లె
మరి కోనసీమకి చివరికి ఏం చెప్పమంటారు? ఆయన ఈ చర్చ చదువుతున్నాడు. ఐడీ లేదు, నా ఫోన్లోనే.

డెల్టా_గట్టు
మా తాతలు వేసింది పిల్లిపెసర. వరి కోతకి నాలుగైదు రోజుల ముందు, మడిలో చెమ్మ ఉండగానే, నిలబడ్డ వరిలో చల్లేసేవాళ్ళు. దున్నేది లేదు, తడి పెట్టేది లేదు. వరి కోసేసరికి మొలిచి ఉండేది, మిగిలిన చెమ్మతోనే పెరిగేది. పశువులకి కోసినంత కోసి మిగిలింది దున్నేస్తే పచ్చిరొట్ట. జనుము కూడా అంతే, కృష్ణా వైపు ఎక్కువ. ఈ నేలకి ఇంతకంటే కుదిరిన మేత ఏ ల్యాబులోనూ పుట్టలేదు.

కాకపోతే ఇప్పుడు హార్వెస్టర్ వచ్చింది. దాని చక్రాల కింద మొలక నలిగిపోతుంది, నేల గట్టిపడుతుంది. చాలామంది మానేసింది అందుకే. మినుముకీ అదే బాధ. కూలీలతో కోయించే మడి ఒకటి ఉంచుకుంటే దాంట్లో పిల్లిపెసర వేయమనండి, లేదా మిషన్ పోయాక చెమ్మ ఉంటే అప్పుడు చల్లమనండి, ఒత్తుగా.

ట్రయల్_ప్లాట్
డెల్టా_గట్టు గారు హార్వెస్టర్ సంగతి ఎత్తడం బాగుంది. మేం "పర్యావరణం" అని రాసేటప్పుడు నేల, వాన, వేడి రాస్తాం. మిషను రాయం. పిల్లిపెసర మారలేదు, గోదావరి నేల మారలేదు, కోత పద్ధతి మారింది. పంట తప్పుకుంది.

ఆయనకి ఇంకా: గట్ల మీద అవిశ. చౌడు తగిలిన మూల ఉంటే జీలుగ, అది ఉప్పునీ నీటినీ రెంటినీ ఓర్చుతుంది, లేతగా ఉన్నప్పుడు గొర్రెలు, మేకలు బాగా తింటాయి. ఎత్తు మడి ఉంటే బోదెలు తోలి వేసవి అలసంద.

మీకు: లూసర్న్ ఉంచుకోండి. పక్కన దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్, పేరుకే గడ్డి, పప్పుజాతి మొక్కే) రెండు సాళ్ళు వేయండి. బోరు తగ్గినప్పుడు లూసర్న్ వాడిపోతుంది, దశరథ గడ్డి ఆగుతుంది. విత్తనం పైపొర గట్టిది, 80 డిగ్రీల వేడి నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీస్తేనే మొలక సమంగా వస్తుంది. బాగా మరిగే నీళ్ళలో పోస్తే ఉడికిపోతుంది.

గేదెల_గుంటూరు
సుబాబుల్ వదిలేశారే! ప్రకాశం, కృష్ణాల్లో కాగితం మిల్లుల కోసం ఎకరాలకెకరాలు ఉంది.

వెట్_కరీంనగర్
ఉంది, ఆకు బలమైనదే. కానీ అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వొద్దు, దాటితే వెంట్రుకలు రాలడం, గొంతు దగ్గర వాపు. ఇక్కడా చోటు సంగతి ఉంది: హవాయిలో మేకలు ఎంత తిన్నా ఏమీ కాలేదు, ఆస్ట్రేలియాలో పశువులు జబ్బుపడ్డాయి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త వెతికితే, హవాయి పశువుల పొట్టలో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవి ఉందని తేలింది. దానికి ఆయన పేరే పెట్టారు. చెట్టు ఒకటే, పొట్ట వేరు.

పాడి_మదనపల్లె
బావమరిది చదివాడు. విత్తనం కేసు కొట్టేశాడు 🙏 పిల్లిపెసర విత్తనం వెతుకుతున్నాడు. నేను వచ్చే కార్తీకంలో ఆనంద్-2, ఆర్ఎల్-88 పక్కపక్కన వేసి చూస్తాను. ఏది ఎక్కువ తూగితే అది ఉంచుతా.

ట్రయల్_ప్లాట్
వేయండి, కానీ పచ్చి తూకం చూసి తేల్చేయకండి. ఊరికే లెక్క కోసం: ఒక మడిలో 40 టన్నుల పచ్చిమేత వచ్చి అందులో ఎండు పదార్థం 15 శాతమే ఉంటే 6 టన్నులు. పక్క మడిలో 32 టన్నులే వచ్చినా 20 శాతం ఉంటే 6.4 టన్నులు. మిగతాది మీరు మోసేది నీళ్ళే. ప్రతి కోతలో మంచు ఆరాక కోసి, ఒక కిలో పక్కకి తీసి, సన్నగా తరిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తూచండి. ఒక్కో రకాన్ని ఒక్క మడిలో కాకుండా మూడు చోట్ల మార్చి మార్చి వేయండి, లేకపోతే కాలువ దగ్గరి మడికి అందిన నీళ్ళు రకం గొప్పతనంగా కనిపిస్తాయి. వేసవి కోతలు, వానాకాలం కోతలు విడివిడిగా రాసుకోండి.

ఎర్రనేల_అనంత
మదనపల్లె అన్నా, లూసర్న్ మీద అల్లుకుని దాని రసం పీల్చే బంగారు తీగ కనిపిస్తే మాత్రం తూకాలు గీకాలు పక్కనపెట్టి ఆ గుత్తి మొత్తం మొదటికి కోసి అక్కడే కాల్చేయండి. తీగ ముక్క కాళ్ళకి అంటుకుని పక్క మడికి పోయినా చాలు, అక్కడ అల్లుకుంటుంది.